బ్లోయర్ విప్పేముందు

సూపర్‌ఛార్జర్ బిగించిన కారు ఇంజను నెల్లూరు తీరంలో మొరాయిస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి చేతికివ్వాలి? సాధారణంగా దొరికే జవాబులు రెండే. ఊళ్లో షెడ్డు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఇది మన దగ్గర అయ్యే పని కాదు, చెన్నైకి తీసుకుపొమ్మంటాడు. అక్కడి పెద్ద వర్క్‌షాపులో యూనిట్ మొత్తం మార్చాలంటారు. మొదటివాడు చేయి పెట్టడానికి జంకాడు, రెండోవాళ్లు విప్పి చూసే ఓపిక లేక కొత్తది బిగిస్తామన్నారు. తప్పు ఎక్కడుందో కొలిచి చూసినవాళ్లు మాత్రం ఇద్దరిలోనూ లేరు.

నిజానికి ఈ తీరానికి ఆ యంత్రం కొత్తది కాదు. రొయ్యపిల్లల హేచరీల్లో తొట్లకు గాలి పంపే రూట్స్ బ్లోయర్, బెంజి కారులో పిస్టన్ల మీదికి గాలి తోసే సూపర్‌ఛార్జర్ ఒకే వంశానివి. రెండింటిలోనూ ఎనిమిది అంకె ఆకారపు రోటర్లో, మూడు రెక్కల రోటర్లో ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా తిరుగుతాయి. హేచరీ బ్లోయర్‌ను రాత్రి రెండు గంటలకు విప్పి బేరింగు మార్చి తెల్లారేసరికి తిప్పగల మనుషులు ఈ తీరంలో ఉన్నారు. పక్క వీధిలో కారు షెడ్డు నడిపేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే సూపర్‌ఛార్జర్ మరమ్మతు మీదున్న భయం చాలావరకు తగ్గుతుంది.

ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడిపిన ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అన్నదమ్ములు మిల్లును తిప్పే నీటి చక్రాన్ని మెరుగు చేయబోయి ఈ యంత్రానికి చేరుకున్నారు. 1860లో పేటెంటు తీసుకున్నారు. మొదట్లో దీన్ని వాడింది లోహం కరిగించే కొలుముల్లో. అంటే కారు పుట్టడానికి పాతికేళ్ల ముందే బ్లోయర్ ఉంది. ఇంజనులోకి గాలిని బలవంతంగా పంపే ఆలోచనకు గాట్లీబ్ డైమ్లర్ 1885లో పేటెంటు పొందాడు. 1921 బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి పెట్టింది. 1923లో మోంజాలో జరిగిన ఇటాలియన్ గ్రాండ్ ప్రీని ఫియట్ సూపర్‌ఛార్జర్ కారు గెలిచింది. అయినా దీన్ని మెచ్చనివాళ్లు అప్పుడూ ఉన్నారు. బెంట్లీ కార్ల సృష్టికర్త డబ్ల్యూ.ఓ. బెంట్లీ తన నాలుగున్నర లీటర్ల ఇంజనుకు బ్లోయర్ తగిలించడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఇంజను పెద్దది చేసుకుంటే సరిపోయేదానికి అదనపు యంత్రం ఎందుకని ఆయన వాదం. మరమ్మతు చేసే మనిషి వైపు నుంచి చూస్తే ఆ వాదంలో బలముంది. అదనంగా చేరిన ప్రతి భాగమూ పాడవగల మరో భాగమే.

ఇక సూత్రం. పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి హద్దుంది కాబట్టి, ఆ హద్దు దాటించడానికి క్రాంక్‌షాఫ్టు నుంచి బెల్టుతో తిరిగే బ్లోయర్ పెట్టారు. టర్బోఛార్జర్ కూడా చేసేది ఇదే. కాకపోతే దాన్ని తిప్పేది సైలెన్సరులోకి పోయే వేడి పొగ. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేసవిలో 40 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లు చేయాలనుకుందాం. బ్లోయర్ సామర్థ్యం 60 శాతమైతే బయటికి వచ్చే గాలి 100 డిగ్రీలు దాటుతుంది. అందుకే దాని తర్వాత ఇంటర్‌కూలర్ ఉంటుంది. నెల్లూరులో మేనెల మధ్యాహ్నం హైవే ఎక్కిన పది నిమిషాలకు కారు బలం తగ్గిందని ఎవరైనా చెబితే, బ్లోయర్‌ను అనుమానించే ముందు ఇంటర్‌కూలర్ నీళ్ల పంపు తిరుగుతోందో లేదో చూడాలి. ఆ చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆగితే లోపలికి పోయే గాలి మరీ వేడెక్కుతుంది. ఇంజను దడదడ కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది, బండి మందగిస్తుంది. బ్లోయర్‌లో ఏ దోషమూ ఉండదు.

మన దేశంలో సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లు కొన్నే అమ్మారు. మెర్సిడెస్ సి 200 కంప్రెసర్, ఆడీ 3.0 టీఎఫ్‌ఎస్‌ఐ, జాగ్వార్, రేంజ్ రోవర్ల 5 లీటర్ల వీ8 వాటిలో ముఖ్యమైనవి. కొత్తగా వచ్చే పెట్రోలు కార్లలో గాలి నొక్కే పని దాదాపు అంతా టర్బోలకే పోయింది. దీనితో పాత కార్లు చేతులు మారుతూ చిన్న పట్టణాలకు చేరుతున్నాయి. కొన్నవాళ్లకు కారు చౌకగా దొరుకుతుంది, విడిభాగం మాత్రం అప్పటి కొత్త కారు ధర లెక్కలోనే ఉంటుంది. మరమ్మతు ప్రశ్న తీవ్రమయ్యేది ఇక్కడే.

అరుదైన ఇంజన్ల దగ్గరికి వస్తే పాఠాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది మాజ్డా 1993లో యూనోస్ 800 కారులో తెచ్చిన 2.3 లీటర్ల వీ6. దాన్ని మిల్లర్ సైకిల్ ఇంజను అంటారు. రాల్ఫ్ మిల్లర్ అనే అమెరికన్ ఇంజనీరు 1950లలో పేటెంటు చేసిన పద్ధతి అది. మామూలు ఇంజనులో పిస్టను పైకి లేవడం మొదలైన కాసేపటికే ఇన్‌టేక్ వాల్వు మూసుకుంటుంది. మిల్లర్ ఇంజనులో అది ఇంకా చాలాసేపు తెరిచే ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, ఆ లోటును ఒత్తిడితో పూడ్చేది సూపర్‌ఛార్జర్. ఆ పనికి స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లీషోల్మ్ రూపొందించిన జంట మరల కంప్రెసర్ వాడారు. రూట్స్ బ్లోయర్ గాలిని లోపల నొక్కదు, ఒకవైపు నుంచి మరోవైపుకు మోసి అక్కడున్న ఒత్తిడిలోకి తోస్తుంది. లీషోల్మ్ కంప్రెసర్ మాత్రం మరల సందుల్లోనే గాలిని నొక్కుతూ పోతుంది, అందుకే దాని సామర్థ్యం ఎక్కువ.

ఈ ఇంజను పాడైనప్పుడు తేడా తెలుస్తుంది. మామూలు సూపర్‌ఛార్జర్ కారులో బ్లోయర్ పనిచేయకపోతే బలం తగ్గుతుంది గానీ కారు కదులుతుంది. మిల్లర్ ఇంజనుకు బ్లోయర్ ఊపిరే. గాలి గొట్టం ఒకటి చీలినా, బైపాస్ వాల్వు తెరుచుకుని ఉండిపోయినా ఇంజను పీలగా, నీరసంగా నడుస్తుంది. కంప్రెసర్ రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో కూర్చుంటుంది. దాని కింద ఒక పాత వ్యాక్యూమ్ గొట్టం మార్చాలన్నా కంప్రెసర్ ఎత్తాల్సిందే. ఒకసారి ఎత్తినప్పుడే కింద ఉన్న రబ్బరు గొట్టాలన్నీ మార్చేయడం తెలివైన పని. ఎన్ని రకాల అరుదైన ఇంజన్ల గురించి చదివినా మళ్లీ మళ్లీ కనిపించే నియమం ఇది: ఖరీదైన భాగం కంటే దాని చుట్టూ ఉన్న చవక రబ్బరు ముందు పోతుంది.

మినీ కూపర్ ఎస్ మొదటి తరంలో ఇంకో రకం చిక్కు ఉంది. దాని ఈటన్ సూపర్‌ఛార్జర్ చివరి గేరు నుంచే ఇంజను నీళ్ల పంపు తిరుగుతుంది. ఆ గేర్ల దగ్గరుండే కొద్దిపాటి ఆయిలు ఏళ్ల తరబడి ఎవరూ చూడక ఆరిపోతే గేరు అరుగుతుంది, పంపు ఆగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. రేడియేటరు, థర్మోస్టాటు మార్చి మార్చి అలసిపోయినా వేడి తగ్గదు, ఎందుకంటే తప్పు సూపర్‌ఛార్జర్ ఆయిల్లో ఉంది. వోక్స్‌వ్యాగన్ పోలో జీ40, కొరాడో జీ60 కార్లలో మరీ వింత బ్లోయర్ వాడారు. చుట్లు తిరిగిన సన్నని గోడ ఒకటి ఇంకో చుట్ల గోడలో ఊగుతూ గాలిని నెట్టుతుంది. ఆ చుట్ల అంచున ఉండే సన్నని సీలు పట్టీలు అరుగుతాయి. గడువు ప్రకారం విప్పి మార్చకపోతే చుట్టు విరిగి ఇంజనులోకే ముక్కలు పోతాయి. కంపెనీ తర్వాత ఆ దారి వదిలేసింది.

ఇప్పుడు అసలు పని. బ్లోయర్ మీద చేయి వేసే ముందు చూడాల్సినవాటికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే డబ్బు పోతుంది.

మొదట కీ ఆన్ చేసి, ఇంజను స్టార్టు చేయకుండా స్కానరులో మ్యానిఫోల్డ్ పీడనం, అంటే సిలిండర్లలోకి గాలి పోయే దారిలోని పీడనం, చూడాలి. నెల్లూరు తీరం సముద్ర మట్టానికి దగ్గర. అక్కడ 100 కిలోపాస్కళ్లకు అటూ ఇటూగా కనిపించాలి. 85 చూపిస్తే సెన్సరో దాని కనెక్టరో అబద్ధం చెబుతోంది, ఆ తర్వాత చూసే లెక్కలన్నీ తప్పే. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. తర్వాత స్టార్టు చేసి ఐడిల్‌లో వదిలితే పీడనం బాగా పడిపోవాలి. పడకపోతే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. గొట్టాల జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లడం పాత పద్ధతే. స్మోక్ యంత్రం ఉన్న షెడ్డులో తక్కువ ఒత్తిడితో పొగ పంపితే చీలిక దానంతట అదే బయటపడుతుంది. మూడోది రోడ్డు మీద పరీక్ష. స్కానరు చూడటానికి ఇంకో మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు పీడనం ఎంత పైకి పోతుందో చూడాలి.

పీడనం తక్కువ వస్తే ముందు బెల్టు, దాని టెన్షనరు. జారే బెల్టు ఎక్కువ వేగంలో ఒత్తిడిని పోగొడుతుంది, తక్కువ వేగంలో అంతా బాగున్నట్టే ఉంటుంది. తర్వాత బైపాస్ వాల్వు. టొయోటా 4ఏ-జీజడ్‌ఈ లాంటి ఇంజన్లలో బ్లోయర్‌కు విద్యుత్ క్లచ్చి ఉంటుంది, దాని కాయిలుకు కరెంటు అందుతోందో లేదో చూడాలి. అప్పటికీ దొరక్కపోతే బ్లోయర్ తర్వాతి గొట్టాలు. ఇవన్నీ అయ్యాకే బ్లోయర్.

పీడనం ఎక్కువ వచ్చినా సంతోషించకూడదు. చాలామంది మెకానిక్‌లు తడబడేది ఇక్కడే. బెల్టుతో తిరిగే బ్లోయర్ ప్రతి చుట్టుకూ దాదాపు ఒకే ఘనపరిమాణం గాలిని తోస్తుంది. ఇంజను ఆ గాలిని తీసుకోలేకపోతే అది మ్యానిఫోల్డులో కుప్పపడి పీడనం పెరుగుతుంది. ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ, బలం మామూలు కంటే తక్కువ అయితే సైలెన్సరు వైపున్న కాటలిటిక్ కన్వర్టరు పూడిపోయిందేమో చూడాలి. వాల్వు టైమింగు తప్పినా ఇదే కనిపిస్తుంది. మెర్సిడెస్ ఎం271 ఇంజనులో టైమింగు చెయిను సాగడం బాగా తెలిసిన జబ్బు కాబట్టి, కంప్రెసర్ కారు తెచ్చినవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి.

శబ్దాల సంగతి. ఐడిల్‌లో గలగలమని, వేగం పెంచగానే పోయే చప్పుడుకు జాగ్వార్, రేంజ్ రోవర్ల 5 లీటర్ల ఇంజనులో తరచుగా కారణం సూపర్‌ఛార్జర్ ముందు ముక్కులో ఉండే చిన్న కప్లరు. దాన్ని మాత్రమే మార్చుకునే మార్గం ఉండగా యూనిట్ మొత్తం మార్చడం అన్యాయం. వేగంతో పాటు పెరిగే కీచు శబ్దం బేరింగుది. లోహం లోహానికి రాసుకునే శబ్దం వినిపిస్తే మాత్రం ఇంజను ఇంకొక్క నిమిషం నడపకూడదు. రోటరు పొట్టు సిలిండరులోకి పోతే ఖర్చు పదింతలవుతుంది.

హేచరీ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇప్పుడు చెప్పాలి. నెల్లూరు తీరంలో రొయ్యల సాగు 1990ల మొదట్లో ఉధృతంగా పెరిగింది, తెల్లమచ్చల వైరసుతో దెబ్బతింది, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీర సాగును ప్రశ్నించింది, 2009లో వనామీ రకానికి అనుమతి రావడంతో మళ్లీ లేచింది. ఆ పంట మొదలయ్యేది హేచరీ తొట్లలో. కోట్ల సంఖ్యలో లార్వాలు కిక్కిరిసిన తొట్టికి గాలి ఆగితే నష్టం గంటల లెక్కలో ఉంటుంది. అందుకే హేచరీలో పాడయ్యాక బాగుచేయడం కంటే పాడవకుండా చూడటమే ముఖ్యమైన పని. స్టాండ్‌బై బ్లోయర్, జనరేటరు సిద్ధంగా పెట్టుకుంటారు. బ్లోయర్ పక్కన ప్రెషర్ గేజి ఉంటుంది. ఒక మీటరు లోతు నీళ్ల ఎదురు ఒత్తిడి సుమారు 0.1 బార్. ఏ తొట్లకు ఎంత చూపించాలో ఆపరేటరుకు కంఠస్థం. ముల్లు పెరిగితే నీళ్లలో గాలి బుడగలు వదిలే రాళ్లు పూడాయి, తగ్గితే గొట్టం ఊడిందో బెల్టు జారిందో. కారు మెకానిక్ ఖరీదైన స్కానరుతో చేసే నిర్ణయం ఇదే.

బ్లోయర్‌ను తిరిగి బిగించే పద్ధతిలోనూ అంతే. కరెంటు ఆపి, పుల్లీని చేత్తో తిప్పి చూస్తారు. ఎక్కడా బిగుతు ఉండకూడదు. కొత్త బేరింగు వేశాక ఫీలర్ గేజితో రోటర్ల మధ్య సందు, గోడకూ రోటరుకూ మధ్య సందు కొలిచి, టైమింగు గేరు హబ్బు సర్దుతారు. ఈ కొలత వదిలేసి అందాజుగా బిగించినవాళ్లు వారంలో మళ్లీ విప్పాల్సివస్తుంది. త్రీ ఫేజ్ మోటారు రిపేరు తర్వాత వైర్లు తారుమారైతే బ్లోయర్ వెనక్కి తిరిగి తొట్టి వైపు నుంచే పీల్చుతుంది. అందుకే స్విచ్ వేసే ముందు ఒంటి మీదున్న బాణం గుర్తు చూడటం వాళ్లకు అలవాటు. సీలు కారితే తొట్టి నీళ్ల మీద ఆయిలు పొర తేలుతుంది. కారులో అదే సీలు కారితే సైలెన్సరు నుంచి నీలి పొగ వస్తుంది.

రెండు యంత్రాలూ పూర్తిగా ఒకటే అని చెప్పడం లేదు. హేచరీ బ్లోయర్ మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది, కారు సూపర్‌ఛార్జర్ పది వేలు దాటుతుంది. దాని రోటర్లకు సన్నని పూత ఉంటుంది, బేరింగులు చిన్నవి, సందులు ఇంకా బిగువు. హేచరీ బ్లోయర్ తట్టుకునే చిన్న పొరపాటు కారు సూపర్‌ఛార్జర్‌ను చంపుతుంది. కానీ కొలత పరికరం ఒకటే, కొలిచే క్రమం ఒకటే. రెండు వారాలు హేచరీలో పనిచేసిన కుర్రవాడికి సూపర్‌ఛార్జర్ మూత విప్పాలంటే చేతులు వణకవు.

తీరపు గాలి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. ఇసకపల్లి ఉప్పు కయ్యల పక్కనో, మైపాడు ఇసుక మీదో రోజూ తిరిగే బండి మీద ఉప్పు తేమ పడుతూనే ఉంటుంది. సూపర్‌ఛార్జర్ ఒళ్లు అల్యూమినియం, బిగించిన బోల్టులు ఉక్కు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్ల పిండిగా మారుతుంది, బోల్టు గట్టిగా పట్టేస్తుంది. బలంగా తిప్పితే విరుగుతుంది, అప్పుడు ఒళ్లే పోతుంది. నూనె చల్లి ఒక రాత్రి వదిలి, వేడి తగిలించి మెల్లగా తిప్పడమే మార్గం. ఇంటర్‌కూలర్ రెక్కలు, ఎర్తు వైరు, సెన్సరు కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము వీటినీ చూడాలి. తీరంలో బండి నడిపేవాళ్లు మంచినీళ్లతో కింది భాగం తరచు కడిగించడం ఏ సూపర్‌ఛార్జర్ రిపేరు కంటే చౌక.

టర్బోల గురించి క్లుప్తంగా. రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు, ఇన్నోవాలు, లారీలు ఎక్కువగా టర్బో డీజిళ్లే. వాటిని చంపేది ఎక్కువగా ఆయిలు. వేడి మీద ఉన్న ఇంజనును టక్కున ఆపితే టర్బో షాఫ్టులో మిగిలిన ఆయిలు మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదిలి ఆపాలి. రైల్వేల్లో దీన్ని ఎంత గట్టిగా పాటిస్తారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గుత్తి షెడ్డులో ఉండే డబ్ల్యూడీజీ4 డీజిల్ రైలింజన్ల టర్బో తక్కువ వేగంలో గేర్లతో, పొగ బలం చాలినప్పుడు క్లచ్చి విడిపోయి పొగతో తిరుగుతుంది, అంటే అది సూపర్‌ఛార్జర్, టర్బో రెండూ. ఇంజను ఆపిన తర్వాత కూడా ఒక ప్రత్యేక పంపు సుమారు 35 నిమిషాల పాటు దానికి ఆయిలు పంపుతూనే ఉంటుంది. జనరేటరును చాలా తక్కువ లోడు మీద గంటల తరబడి నడపడం ఇంకో తప్పు. సరిగా మండని డీజిలు, ఆయిలు కలిసి సైలెన్సరులో కారుతుంటే టర్బో సీలు పోయిందని పొరబడతారు.

విప్పి చూడటానికి యంత్రమే మిగలకపోతే ఎలా? దానికీ ఈ తీరంలోనే జవాబుంది. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ-డీ3లో మన దేశం తయారుచేసిన క్రయోజెనిక్ ఇంజను మొదటిసారి ప్రయోగించారు. ఇంజను మండినా తోపుడు బలం పెరగలేదు, రాకెట్ సముద్రంలో పడింది. సముద్రగర్భంలో ఉన్నదాన్ని ఎవరూ విప్పలేరు. ఇస్రో నిపుణులు టెలిమెట్రీ లెక్కలు మాత్రమే చదివి, ద్రవ హైడ్రోజన్‌ను అందించే బూస్టర్ టర్బో పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుని ఆ తర్వాత ఆగిపోయిందని తేల్చారు. ఒక సీలు దగ్గర రోటరు పట్టేయడం, లేదా టర్బైను ఒళ్లు పగలడం, ఈ రెండింటిలో ఒకటి కారణమన్నారు. అతి శీతలంలో బేరింగులూ ఒళ్లూ ఎంత కుంచించుకుంటాయో లెక్కవేసి పంపును మార్చి రూపొందించారు. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 విజయవంతమైంది. సందు, సీలు, బేరింగు: హేచరీ బ్లోయర్‌లో చూసే మూడే అక్కడా చూశారు. చూడగలిగింది ప్రతి క్షణం లెక్క రాసి పెట్టుకున్నారు కాబట్టే.

మార్చాలా, బాగుచేయాలా అన్న వాదానికి నా తీర్పు ఇది. బేరింగు, సీలు, కప్లరు, ఆయిలు వరకు బాగుచేయడమే న్యాయం. రోటర్లు ఒకదానికొకటి రాసుకుని పూత లేచిన యూనిట్‌ను, కొలత తెలియని చేతులు విప్పిన యూనిట్‌ను మార్చాల్సిందే. పాత యూనిట్ కొనేవాళ్లు పుల్లీని చేత్తో తిప్పి, ముక్కు దగ్గర ఆయిలు వాసన చూసి కొనాలి. మాడిన వాసన వస్తే వద్దు. నెల్లూరు పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులకు హేచరీ బ్లోయర్ విప్పి బిగించే అభ్యాసం పాఠంగా పెడితే, ఈ జిల్లాకు సూపర్‌ఛార్జర్ మెకానిక్‌లు వేరే ఊరి నుంచి రావాల్సిన పని ఉండదు.

సూపర్‌ఛార్జర్ కారున్నవారికి ఒక విన్నపం. బండి బాగున్న రోజే ఐడిల్‌లో, పూర్తి లోడులో, ఎండలో మ్యానిఫోల్డ్ పీడనం ఎంతో, లోపలి గాలి ఉష్ణోగ్రత ఎంతో రాయించుకుని కారు కాగితాల్లో పెట్టుకోండి. యూనిట్ మార్చాలని ఎవరైనా చెబితే ఆ రోజు లెక్కలు కూడా కాగితం మీద అడగండి. లెక్కలు ఇవ్వనివాళ్ల చేతికి బండి ఇవ్వకండి.